ఎవరి అడవి, ఎవరి దుప్పి?

ఒకే కొండ. ఒకే అడవి. అందులో తిరిగే ఒకే దుప్పి. దాన్ని వేటాడడానికి ఇద్దరు మనుషులు లైసెన్సులు కొనుక్కున్నారనుకోండి. మొదటివాడికి అయింది 20 డాలర్లు. రెండోవాడికి అయింది వెయ్యి డాలర్ల పైచిలుకు. అదీ అడగ్గానే దొరకలేదు, లాటరీలో పేరు తగిలితే దొరికింది. ఇద్దరూ ఒకే దేశ పౌరులు. ఒకే జెండాకి దణ్ణం పెడతారు. ఒకే ప్రభుత్వానికి ఇన్‌కంటాక్సు కడతారు. తేడా ఒక్కటే. మొదటివాడి ఇల్లు ఆ రాష్ట్రంలో ఉంది, రెండోవాడి ఇల్లు వేరే రాష్ట్రంలో ఉంది.

ఇది అమెరికాలో మోంటానా రాష్ట్రం సంగతి. ఆ దుప్పిని వాళ్ళు ఎల్క్ అంటారు. మన అడవుల్లో కణుజు ఉంటుంది చూడండి, దానికి పెద్దన్నలాంటిది. మగది మూడువందల కిలోల పైన తూగుతుంది. తలమీద కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న కొమ్ములతో, తెల్లవారుజామున మంచులో నిలబడి ఈల వేసినట్టు అరుస్తుందట. ఆ అరుపు కోసం, ఆ కొమ్ముల కోసం, చలికాలమంతా సరిపోయే మాంసం కోసం ఏటా వేలాదిమంది ఆ కొండలెక్కుతారు.

"వేటతో మనకేం పనమ్మా?" అని మీరు పేజీ తిప్పెయ్యబోతున్నారు కదూ! నిజమే, మనకి వేట అంటే దుష్యంతుడి దగ్గరే ఆగిపోయింది. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో సరదా వేట లైసెన్సులన్నవి దాదాపుగా లేకుండానే పోయాయి. కానీ ఈ కథలో అసలు విషయం వేట కాదండీ. సొంతవాళ్ళెవరు, పరాయివాళ్ళెవరు, ఆ గీత ఎక్కడ గీయాలి అన్నది అసలు విషయం. అది మనకి తెలియని గొడవేం కాదు. ముల్కీ, నాన్-ముల్కీ అంటూ 1969లోనూ, మళ్ళీ 1972లోనూ మన రాష్ట్రం ఎలా అట్టుడికిపోయిందో పెద్దవాళ్ళనడిగితే చెబుతారు. 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని లోకల్, నాన్-లోకల్ అన్న మాటలు కాలేజీ సీట్ల పుణ్యాన వంటింట్లోకి కూడా వచ్చేశాయి. ఇక అమెరికాలో పిల్లలున్న తల్లులకైతే చెప్పనే అక్కర్లేదు. "ఇన్‌-స్టేటు ఫీజయితే ఇంత, అవుట్‌-ఆఫ్‌-స్టేటయితే అంత" అన్న లెక్క వాళ్ళకి కంఠతా వచ్చు. అదే లెక్క దుప్పికీ వచ్చిందన్నమాట.

ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి, ఇంగ్లండు దాకా వెళ్ళిరావాలి.

బి.ఏ.లో హిస్టరీ చదివినవాళ్ళకి విలియం ది కాంకరర్ గుర్తుండే ఉంటాడు. 1066లో ఇంగ్లండుని గెలిచిన ఆ మహానుభావుడికి జింకలంటే ప్రాణం. ప్రాణమంటే పెంచుకోవడానికి కాదు సుమా, చంపడానికి! 1079 ప్రాంతంలో న్యూ ఫారెస్టు అని ఒక అడవిని తన వేట కోసం ప్రత్యేకించుకున్నాడు. అడవి రాజుది, అందులో జింక రాజుది. దాని జోలికి వెళ్ళిన పేదవాడికి దండన. రాజులు పోయి జమీందార్ల పెత్తనం వచ్చాక కూడా సామాన్యుడి రాత మారలేదు. 1671లో ఒక చట్టం చేశారు. సొంత భూమి మీద ఏడాదికి 100 పౌన్ల రాబడి ఉన్నవాడికే కుందేలుని గానీ కౌజుపిట్టని గానీ కొట్టే హక్కు. ఆ రోజుల్లో పార్లమెంటు సభ్యుడికి ఓటెయ్యడానికి 40 షిల్లింగుల, అంటే రెండు పౌన్ల రాబడి ఉంటే చాలు. పార్లమెంటు మనిషిని ఎన్నుకోవడానికి కావలసిన ఆస్తికంటే, ఒక పిట్టని కొట్టడానికి యాభై రెట్లు ఆస్తి కావాలన్నమాట! బ్లాక్‌స్టోన్ అనే న్యాయశాస్త్రవేత్త ఈ లెక్కని ఎత్తిచూపి ఎకసెక్కెం చేశాడు కూడా. ఆస్తి ఉంటేనే వేట అన్న ఆ నియమం పోవడానికి 1831 దాకా పట్టింది.

అలాంటి దేశం నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళకి అమెరికాలో ఏం కనిపించిందో ఊహించుకోండి. కళ్ళు తిప్పినంత మేరా అడవి. అడిగే జమీందారు లేడు, పట్టుకునే భటుడు లేడు. అప్పటికే అక్కడ ఉన్న మనుషుల సంగతి మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. వాళ్ళ దగ్గరికి తర్వాత వస్తాను. వచ్చినవాళ్ళు మాత్రం, ఇక్కడ జింక రాజుది కాదు, అందరిదీ అనుకున్నారు. ఎంత గొప్ప మాట!

ఆ "అందరిదీ" అన్న మాటకి మొదటి చిల్లు ఎక్కడ పడిందో తెలుసా? ఆల్చిప్పల దగ్గర. న్యూజెర్సీ రాష్ట్రం తన నీళ్ళలో బయటి రాష్ట్రాలవాళ్ళు ఆల్చిప్పలు ఏరకూడదని చట్టం చేసింది. దానిమీద 1823లో తీర్పు వచ్చింది. చెప్పిన జడ్జి బుష్‌రాడ్ వాషింగ్టన్. సాక్షాత్తూ జార్జి వాషింగ్టన్‌కి తమ్ముడి కొడుకు. అమెరికా రాజ్యాంగం ప్రకారం ఒక రాష్ట్రపు పౌరుడికి ఇంకో రాష్ట్రంలో కొన్ని మౌలికమైన హక్కులుంటాయి. స్వేచ్ఛగా తిరగొచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, కోర్టుకెళ్ళొచ్చు. అవన్నీ సరేగానీ, ఆల్చిప్పలు మాత్రం ఆ రాష్ట్ర ప్రజల ఉమ్మడి ఆస్తి, అందులో బయటివాళ్ళకి వాటా లేదు పొమ్మన్నారు జడ్జిగారు. ఉమ్మడి కుటుంబంలో పెరట్లో బావి ఉంటే పొరుగింటావిడ బిందె తెచ్చుకున్నట్టే. నీళ్ళిస్తే మన మంచితనం, ఆవిడ హక్కు కాదు.

1896లో ఇంకో అడుగు ముందుకేశారు. కనెక్టికట్ రాష్ట్రంలో గీర్ అనే ఆయన చట్టం ఒప్పుకున్న రోజుల్లోనే కొట్టిన పిట్టల్ని దగ్గర పెట్టుకున్నాడు. వాటిని రాష్ట్రం దాటించాలన్నది ఆయన ఆలోచన. అదే నేరమన్నారు. కేసు సుప్రీంకోర్టుకెళ్ళింది. అడవి ప్రాణులకి యజమాని రాష్ట్రమే, తన ప్రజల తరఫున ధర్మకర్తలా వాటిని కాపాడే అధికారం దానికుంది అని తీర్పు. రాజుగారి కిరీటం తీసి రాష్ట్రం నెత్తిన పెట్టారన్నమాట.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో కాపలా నిజంగానే అవసరమైంది. రైళ్ళొచ్చాయి, మంచి తుపాకులొచ్చాయి, పట్నాల్లో హోటళ్ళొచ్చాయి. వేట సరదా పోయి వ్యాపారమైంది. పాసెంజర్ పావురం అని ఒక పిట్ట ఉండేది. ఎగిరితే సూర్యుడు కనిపించకుండా పోయేన్ని పావురాలు, కోట్లకి కోట్లు. వాటిని పీపాల్లో కుక్కి రైళ్ళలో పంపి అమ్ముకున్నారు. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మార్తా అనే ఆడ పావురం చచ్చిపోయింది. ఆ జాతిలో చివరిది అదే. ఎల్కులకీ దాదాపు అదే గతి పట్టబోయింది. తూర్పు రాష్ట్రాల్లో ఒక్కటి లేకుండా పోతే, 1913లో పెన్సిల్వేనియావాళ్ళు ఎలోస్టోన్ నుంచి రైలుపెట్టెల్లో తెప్పించుకుని అడవుల్లో వదులుకోవలసి వచ్చింది. ఒక రాష్ట్రంలో దొంగతనంగా కొట్టినదాన్ని ఇంకో రాష్ట్రానికి చేరవెయ్యడం నేరమంటూ 1900లో లేసీ చట్టం వచ్చింది కూడా ఈ బాధతోనే.

కాపలా అన్నాక జీతాలివ్వాలి కదా. ఆ డబ్బెక్కణ్ణుంచి? లైసెన్సుల నుంచి. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టమని ఒకటి చేశారు. తుపాకులు, తూటాల మీద వచ్చే పన్నుని రాష్ట్రాలకి పంచుతారు. పెద్ద తుపాకులకీ తూటాలకీ ఇప్పుడది నూటికి 11 వంతులు. కానీ ఒక షరతు పెట్టారు. రాష్ట్రం తన వేట లైసెన్సుల డబ్బుని వన్యప్రాణి శాఖకే ఖర్చుపెట్టాలి, రోడ్లకీ జీతాలకీ మళ్ళించకూడదు. పాలు అమ్మిన డబ్బు గేదె దాణాకే పోవాలి, ఇంట్లో మగవాళ్ళ చేతికి అందకూడదు అని మన పల్లెటూరి ఇల్లాలు పెట్టే షరతులాంటిదే. ఆ షరతువల్లే అక్కడి అడవులు మళ్ళీ నిండాయి. ఇది మంచి.

ఇక చెడ్డ ఎక్కడ మొదలైందంటే, డబ్బు ఎవరి దగ్గర గుంజితే సుళువో రాష్ట్రాలకి తెలిసిపోవడంతో. సొంత రాష్ట్రంవాడి ఫీజు ఒక్క డాలరు పెంచితే వాడు ఎమ్మెల్యేలాంటివాడి గుమ్మం ముందు కూర్చుంటాడు. వచ్చే ఎన్నికల్లో ఓటెయ్యనంటాడు. బయటివాడికి ఓటెక్కడుంది? వాడి ఫీజు వంద పెంచినా అడిగే దిక్కు లేదు. రాజకీయం ఏ దేశంలోనైనా రాజకీయమే కదండీ!

1970ల నాటికి మోంటానాలో ఎల్క్ లైసెన్సు సొంతవాళ్ళకి 9 డాలర్లు. బయటివాళ్ళకి విడిగా ఎల్క్ లైసెన్సు అమ్మరు. ఎల్కు, జింక, నల్ల ఎలుగు, పిట్టలు, చేపలు అన్నీ కట్టగట్టి ఒకే మూటగా 225 డాలర్లకి కొనుక్కోవాలి. నాకు ఎలుగుబంటి అక్కర్లేదు మొర్రో అన్నా వినరు. కిరోసిను కావాలంటే సబ్బుబిళ్ళ కూడా కొనాలనే పాతకాలపు కొట్టువాడి పద్ధతి! అంటే ఒక్క ఎల్కు కోసం చూస్తే పాతికరెట్లు. పైగా ఏడాదికి 17,000 మంది బయటివాళ్ళకే అలాంటి లైసెన్సులని గిరి గీశారు.

మినెసోటా నుంచి ఏటా వేటకి వచ్చే కొందరు, వాళ్ళకి దారి చూపించే బాల్డ్‌విన్ అనే మోంటానా గైడూ కలిసి కోర్టుకెక్కారు. 1978లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆరుగురు జడ్జీలు రాష్ట్రం వైపు, ముగ్గురు వేటగాళ్ళ వైపు. తీర్పు రాసిన బ్లాక్‌మన్ జడ్జిగారి వాదం సూక్ష్మంగా చెప్పాలంటే ఇంతే. ఎల్కు వేట సరదా, బతుకుతెరువు కాదు. అందులో సమానత్వం లేనంత మాత్రాన దేశపు ఐక్యతకేం ముప్పు రాదు.

ఈ వాదం వెనక ముప్ఫై ఏళ్ళ కిందటి రొయ్యల కథ ఉంది. సౌత్ కరోలినా రాష్ట్రం రొయ్యల పడవకి సొంతవాళ్ళ దగ్గర 25 డాలర్లు, బయటివాళ్ళ దగ్గర 2,500 డాలర్లు అడిగింది. వందరెట్లు! 1948లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రొయ్యలు పట్టేవాడికి అది కూడు, వాడి కూడు తీసే హక్కు ఏ రాష్ట్రానికీ లేదంది. కూడయితే సమానం, కూర్చుని తినేవాడి సరదా అయితే ఎవరిష్టం వాళ్ళది. తర్కం బాగానే ఉంది. నేను చదువుతూ తలూపాను కూడా. కానీ ముగ్గురు జడ్జీల తరఫున బ్రెన్నన్ వేసిన ప్రశ్న మనసులో ముల్లులా ఉండిపోయింది. సరదాయా, అవసరమా అన్నది పక్కన పెట్టండి, తోటి పౌరుడి దగ్గర ఇంత తేడాగా వసూలు చెయ్యడానికి రాష్ట్రం దగ్గర తగిన కారణం ఉందా అని ఆయన అడిగాడు. బయటివాడొచ్చినందువల్ల పాతికరెట్ల ఖర్చేమీ కాదు కదా!

తమాషా ఏమిటంటే, ఆ మరుసటి ఏడే, 1979లో, చిన్న చేపపిల్లల్ని రాష్ట్రం దాటించిన ఇంకో కేసులో సుప్రీంకోర్టు పాత 1896 తీర్పుని తిరగరాసింది. అడవి ప్రాణికి రాష్ట్రం యజమాని అన్నది ఉత్త కల్పన అని తేల్చేసింది. యజమాని కాకపోయినా బయటివాళ్ళ ఫీజు మాత్రం అలాగే ఉండిపోయింది. కోడలికి తాళంచెవులు ఇచ్చామని చెప్పి బీరువా మాత్రం తియ్యనివ్వని అత్తగారిలా!

2002లో బయటివాళ్ళకి కాస్త ఊపిరాడింది. ఆరిజోనా రాష్ట్రం మంచి మంచి వేటలన్నిట్లో బయటివాళ్ళకి నూటికి పది వంతులకి మించి ఇవ్వనంటే, ఒక ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు అది రాష్ట్రాల మధ్య వ్యాపారానికి అడ్డమని, తగిన సమర్థన చూపించవలసిందేనని అంది. పశ్చిమ రాష్ట్రాలు గగ్గోలెత్తాయి. నెవాడా సెనేటరు హారీ రీడ్ ఒక చిన్న నిబంధన రాసి, సొంతవాళ్ళకీ బయటివాళ్ళకీ తేడా చూపించే అధికారం రాష్ట్రాలదేనని కాంగ్రెసు చేత అనిపించాడు. 2005 మే నెలలో అది చట్టమైంది. ఏ చట్టంలో దూర్చారో తెలుసా? సైన్యం ఖర్చులకీ, సునామీ సహాయానికీ నిధులిచ్చే చట్టంలో! 2004 డిసెంబరు 26న మన కోస్తా ఊళ్ళ మీద కూడా పడి మనుషుల్ని మింగిన ఆ సునామీయే. ఎక్కడి కన్నీళ్ళు, ఎక్కడి దుప్పి కొమ్ములు! ఆ కాగితం వెనకాల నక్కి ఈ కాగితం దాటిపోయింది.

ఇక అడ్డేముంది? 2010లో మోంటానా ప్రజలే ఓట్లేసి బయటివాళ్ళ మూట ధరని 628 డాలర్ల నుంచి 897కి పెంచారు. ఆ ధరకి కొన్నేళ్ళపాటు లైసెన్సులు మిగిలిపోయాయి. తర్వాత మళ్ళీ జనం ఎగబడ్డారు. ఇప్పుడది వెయ్యి దాటింది. పక్కనున్న వయోమింగ్‌లో బయటివాళ్ళ ఎల్కు లైసెన్సుకి రెండు వరసలున్నాయి. మామూలు వరస 692 డాలర్లు. ఎక్కువ డబ్బిచ్చి నిలబడే "ప్రత్యేక" వరస 2024 నుంచి 1,950 డాలర్లు, అంతకు ముందు 1,268 ఉండేది. తిరుపతిలో ధర్మదర్శనం, ప్రత్యేక దర్శనం తెలిసిన మనకి దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కాకపోతే తిరుపతిలో ఆలస్యంగానైనా దర్శనమవుతుంది. ఇక్కడ డబ్బు కట్టినా లాటరీయే. తగలకపోతే పాయింట్లిస్తారు. ఏటేటా పాయింట్లు కొనుక్కుంటూ, పోగేసుకుంటూ కొందరు అడవి గొర్రె లైసెన్సు కోసం ఇరవై ఏళ్ళు కూడా కాచుకుంటారు. ఈలోగా మోకాళ్ళు అరిగిపోయి కొండెక్కలేని వయసొస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ పూజారి వరమిచ్చేసరికి భక్తుడికి గుడిమెట్లెక్కే ఓపిక ఉండదు.

న్యూ మెక్సికో తన లాటరీలో నూటికి 84 సొంతవాళ్ళకి, 10 గైడుతో వచ్చేవాళ్ళకి, 6 మాత్రమే విడిగా వచ్చే బయటివాళ్ళకి అని చట్టం రాసుకుంది. విల్లంబులతో ఎల్కుని వేటాడతామంటే కొలరాడోలో చాలా చోట్ల బయటివాళ్ళకి కౌంటర్లో లైసెన్సు దొరికేది. 2025 నుంచి అదీ లాటరీలోకి పోయింది. ఇక డబ్బున్నవాడికి ఏ లాటరీ అడ్డమో చూడండి. 2013లో మోంటానా రాష్ట్రపు అడవి గొర్రె లైసెన్సు ఒకటి వేలంపాటలో 4,80,000 డాలర్లు పలికింది. ఒక్క గొర్రెకి!

ఆ రాష్ట్రాలవాళ్ళ మాట కూడా వినాలి మరి. "ఎనిమిది నెలల చలి మేం పడతాం. మా గడ్డివాముల్ని ఎల్కులు తినిపోతే మేం ఊరుకుంటాం. మా ఊళ్ళలో జీతాలు తక్కువ. పట్నాలవాళ్ళొచ్చి పది రోజులు వేటాడి, కొమ్ములు కారుకి కట్టుకుపోతే మా పిల్లలకేం మిగులుతుంది?" అంటారు వాళ్ళు. నాకు వాళ్ళమీద కోపం రాదు. అడవి పక్కన కాపురమున్నవాడికి అడవిలో మొదటి ముద్ద దక్కాలి. అది న్యాయమే.

బయటివాళ్ళ మాటా వినండి. ఆ ఎల్కులు తిరిగే కొండలు చాలా మటుకు జాతీయ అడవులు. అంటే ఫెడరల్ ప్రభుత్వానివి, దేశమంతా కట్టే పన్నులతో నడిచేవి. వయోమింగ్, మోంటానాల్లో లైసెన్సుల రాబడి చూస్తే సగానికి పైగా బయటివాళ్ళ జేబులోదే. కాపలాదారుడి జీతం, దుప్పుల లెక్కింపు, దొంగవేటగాళ్ళని పట్టే జీపులో పెట్రోలు, అన్నిట్లోనూ వాళ్ళ డబ్బుంది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే మరి.

నాకు బాధనిపించేది ఈ ధరల వల్ల ఆగిపోయేదెవరో తలుచుకుంటే. కోటీశ్వరుడు ఆగడు. మినెసోటాలో వడ్రంగిపని చేసుకుంటూ, ఏడాదంతా చిల్లర దాచుకుని, పాత స్నేహితుడితో ఒక్క వారం కొండల్లో గడపాలనుకున్నవాడు ఆగిపోతాడు. ఏ 100 పౌన్ల ఆస్తి నియమం నుంచి ఓడలెక్కి పారిపోయి వచ్చారో, ఆ నియమాన్నే మూడువందల ఏళ్ళ తర్వాత తమ తోటివాళ్ళకి లైసెన్సు పేరుతో పెట్టుకున్నారు. ఇంగ్లండు జమీందార్లు పైనుంచి చూస్తే నవ్వుకుంటూ ఉంటారు.

ఇంకొకటుంది. ఇది చదివినప్పుడు నా గుండె కలుక్కుమంది. సొంతవాడనిపించుకోవాలంటే మోంటానాలో వరసగా 180 రోజులు కాపురముండాలి. పుట్టినంత మాత్రాన చాలదు. అక్కడే పుట్టి, తండ్రి వెనకాల మంచులో అడుగులో అడుగు వేసి వేట నేర్చుకున్న పిల్ల, పెళ్ళయి పక్క రాష్ట్రానికి వెళితే పరాయిదయిపోతుంది. తన ఊరి కొండమీద, తన తండ్రి పక్కన నిలబడడానికి పరాయివాళ్ళ వరసలో నిలబడాలి. ఆడపిల్ల అంటే "ఆడ" పిల్లే, ఈడ పిల్ల కాదని మన వాళ్ళంటారే, అది అక్కడ కొడుకులకి కూడా వర్తిస్తుందన్నమాట! ఉద్యోగం కోసం ఇల్లొదిలిన ప్రతివాడూ అక్కడ ఆడపిల్లే.

ఇది వాళ్ళకీ గుచ్చుకున్నట్టుంది. "వేటకి ఇంటికి రండి" అనే అర్థం వచ్చే పేరుతో, అక్కడి బంధువులున్నవాళ్ళ కోసం మోంటానాలో ఒక లైసెన్సు పెట్టారు. అక్కడే పుట్టి, దగ్గరి బంధువులు ఇంకా అక్కడే ఉన్నవాళ్ళకైతే కొంత రాయితీ కూడా ఇస్తారు. పుట్టింటివాళ్ళు పిలిచి పెట్టే పసుపు-కుంకుమ చీరలాంటిది. ఉన్నదానికి సంతోషమే. కానీ పుట్టింటికి వెళ్ళడానికి రాయితీ టిక్కెట్టు కొనుక్కోవలసి రావడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇందాక వదిలేసిన మనుషుల సంగతి చెప్పి ముగిస్తాను. వలసవాళ్ళు రాకముందే ఆ కొండల్లో ఉన్నవాళ్ళు. 2014 జనవరిలో మోంటానాలోని క్రో తెగవాళ్ళు కొందరు తమ రిజర్వేషనులో ఎల్కుల వెంటపడ్డారు. ఎల్కులు గీత దాటి వయోమింగ్‌లోని బిగ్‌హార్న్ అడవిలోకి వెళ్ళాయి. వీళ్ళూ వెళ్ళారు, కొట్టారు, మాంసం ఇంటికి తెచ్చుకున్నారు. లైసెన్సు లేదని, వేట రోజులు కావని వయోమింగ్ కేసు పెట్టి, హెరెరా అనే ఆయనకి శిక్ష వేసింది. ఆయన 1868 నాటి ఒప్పందం చూపించాడు. తమ భూమిలో చాలా భాగం ప్రభుత్వానికి వదులుకుంటూ ఆ తెగ పెద్దలు అడిగి రాయించుకున్న మాట అది. ఎవరూ కాపురం లేని ప్రభుత్వ భూముల్లో, వేట దొరికినంత కాలం వేటాడుకునే హక్కు మాదేనని. వయోమింగ్ రాష్ట్రం పుట్టిందే 1890లో! రాష్ట్రం పుట్టగానే ఒప్పందం పోయిందని, అలాంటిదే ఇంకో తెగ కేసులో 1896లో కోర్టు అంది. 2019లో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, ఆ పాతమాట చెల్లదంది. రాష్ట్రం పుట్టినంత మాత్రాన పాత మాట చెరిగిపోదని తీర్పు రాసింది సొటొమేయర్ అనే మహిళా జడ్జి.

చూశారా, మోంటానావాడు మినెసోటావాడిని పరాయివాడంటాడు. క్రో తెగ ముసలమ్మ దృష్టిలో ఇద్దరూ పరాయివాళ్ళే. ఎల్కుకైతే అందరూ పరాయివాళ్ళే! మంచు పడితే కిందికి, గడ్డి మొలిస్తే పైకి, దానికి తెలిసిన దారి అంతే.

దుష్యంతుడు జింకని తరుముకుంటూ కణ్వాశ్రమం అంచుకి వచ్చినప్పుడు, ఇది ఆశ్రమం జింక, చంపకూడదని మునులు చెయ్యి అడ్డం పెట్టారట. రాజు బాణం దించేశాడు. ఆ మునులు మా ఆశ్రమంవాళ్ళకి 20, బయటివాళ్ళకి వెయ్యి అనలేదు. జింకకి ప్రాణభయం ఉంది గనక ఎవరైనా ఒక్కటే అన్నారు. అంత ధర్మం రాష్ట్ర ప్రభుత్వాలకి సాధ్యం కాకపోవచ్చు లెండి, ఖజానా నిండాలి కదా. కానీ సొంతవాడికి మొదటి ముద్ద పెట్టి, బయటివాడికి తినగలిగిన ధరకి రెండో ముద్ద పెట్టడం పెద్ద కష్టం కాదు. రేపు ఆ అడవికి ఏ గనులవాళ్ళ నుంచో, ఏ రియల్ ఎస్టేటువాళ్ళ నుంచో ఆపద వస్తే, మోంటానాలో ఉన్న పదకొండు లక్షల మంది గొంతు ఒక్కటీ చాలదు. దూరపు రాష్ట్రాల్లో కూర్చుని, "ఒకప్పుడు నేనూ ఆ కొండెక్కాను, ఆ అరుపు విన్నాను" అనేవాళ్ళు కూడా కావాలి. అలాంటివాళ్ళని ఏటా కొందరిని ధర చెప్పి గుమ్మంలోంచే తిప్పి పంపేస్తున్నారు. వచ్చే ఏడు ఫీజు మళ్ళీ పెంచే ముందు ఆ సంగతి ఒక్కసారి లెక్కలో వేసుకుంటే బాగుండును.